లప్పం కింది చెయ్యి

ముప్పై రెండేళ్లు జనం కాళ్లూ చేతులూ పట్టుకుని బతికాను. వేరేగా అనుకోకండి, నేను ఫిజియోథెరపిస్టుని. కరీంనగర్, ఆదిలాబాద్ వైపు సర్కారు దవాఖానాల్లో పనిచేశాను. పక్షవాతం వచ్చినవాళ్లు, బొగ్గు బావుల్లో నడుము పట్టేసినవాళ్లు, బండి మీద నుంచి పడ్డవాళ్లు, అందరూ నా బల్ల మీద పడుకుని నన్ను తిట్టుకున్నవాళ్లే. ఇప్పుడు జగిత్యాలలో మా ఇంట్లో ఉంటున్నాను. కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలు ఫోన్ చేసి, "రజియా మేడం, ఏ కోర్సు చేస్తే మంచిది, ఏ మెషీన్ కొనాలి" అని అడుగుతుంటారు. మెషీన్ల సంగతి నన్నడిగితే ఏం చెబుతాను? మా గదిలో సగం మెషీన్లు చెడిపోయి ఉండేవి, మిగతా సగం మీద పాత రికార్డులు పెట్టేవాళ్లం.

నా ప్రమోషన్లు, బదిలీలు రాయను. అవి నాకే సరిగ్గా గుర్తులేవు, మీకెందుకు? ఒక కేసు రాస్తాను. నేను బాగుచేసిన కేసు అని చెప్పుకోను. ముందు నేను చెడగొట్టిన కేసు. ఏ దవాఖానో రాయను, ఆ మనుషుల పేర్లు కూడా మార్చాను.

అమ్మీ మాట, హమాలీ మాట

మా అమ్మీ బట్టలు కుట్టేది. ఎవరైనా కొత్త పిల్ల పని అడగడానికి వచ్చి, నాకు అది వచ్చు, ఇది వచ్చు అని చెబుతుంటే అమ్మీ తల ఊపుతూ ఆ పిల్ల చేతికి సూదీ దారం ఇచ్చేది. తర్వాత నాతో అనేది: "బాతాఁ నక్కో సున్ బేటా, హాత్ దేఖ్." మాటలు వినకు బిడ్డా, చెయ్యి చూడు అని. నేను చేతుల డాక్టరునవుతానని ఆమెకు అప్పుడు తెలియదు, నాకూ తెలియదు. పెద్ద చదువులు చదివి ఆ ఒక్క ముక్కే మరిచిపోయాను. అది తర్వాత చెబుతాను.

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు జమ్మికుంట మార్కెట్లో పత్తి బోరాలు మోసే హమాలీ ఒకాయన భుజం నొప్పితో వచ్చాడు. పుస్తకంలో ఉన్నట్టు చెయ్యి పైకి ఎత్తు, పక్కకు చాపు అని వ్యాయామాలు చెప్పాను. పదిహేను రోజులు బుద్ధిగా చేశాడు. నొప్పి అలాగే ఉంది. చివరికి ఆయనే జాలిపడి అన్నాడు: "మేడం, మీరు చెయ్యి మీదికి లేపుమంటున్నరు. నేను నా పనిల చెయ్యి ఎన్నడు మీదికి లేప. బోరం ఎనుక నుంచి మెడ మీదికి వస్తది, చెయ్యి కింద పట్టుకుంటది. గంతే."

అప్పుడు బుద్ధొచ్చింది. ఎక్కడ నొప్పి అని తర్వాత అడుగు, ఈ చేత్తో ఏం పని చేస్తావు అని ముందు అడుగు. దాన్ని నా గొప్ప సూత్రంగా ఎన్నో ఏళ్లు జూనియర్లకు చెప్పాను. చెప్పేవన్నీ శ్రీరంగ నీతులే.

పోశెట్టి, లింబాద్రి

నేను రిటైరవడానికి మూడేళ్ల ముందు ఇద్దరు మగవాళ్లు ఓపీలోకి వచ్చారు. పెద్దాయన కుడికాలు ఈడుస్తున్నాడు. కుడిచెయ్యి కడుపుకు అతుక్కుని ఉంది, వేళ్లు పిడికిలిగా ముడుచుకుపోయాయి. చిన్నవాడు ఆయన చంకలో చెయ్యేసి నడిపిస్తున్నాడో, మోస్తున్నాడో తెలియడం లేదు.

"చెయ్యి పట్టి గుంజకు, భుజం జారుతది," అన్నాను. నమస్తేకు బదులు ముందు తిట్టడం నా అలవాటు.

"గుంజుతలేను మేడం, పట్టుకున్న," అన్నాడు చిన్నవాడు. "మా అన్న."

అన్న పోశెట్టి, యాభై దాటాడు. తమ్ముడు లింబాద్రి ఆయన కంటే పదేళ్లు చిన్న. నిర్మల్ బొమ్మలు చేసే ఇల్లు. బొమ్మలు అమ్ముడుపోక ఇల్లు గడవని రోజుల్లో లింబాద్రి దుబాయికి పోయి బిల్డింగులకు రంగులేశాడు. ఇంటి దగ్గర పోశెట్టి తను చెక్కుతూ, రంగుల పని వేరేవాళ్లతో కూలికి చేయించుకుంటూ నెట్టుకొచ్చాడు. పక్షవాతంతో అన్న పడ్డాడని ఫోన్ రాగానే లింబాద్రి సంచి సర్దుకుని వచ్చేశాడు, మళ్లీ పోలేదు. "నేను ఉంటే గిట్ల కాకపోవు మేడం," అని మొదటి రోజే నాలుగుసార్లు అన్నాడు. పక్షవాతం నువ్వున్నావని ఆగదయ్యా అని నేనూ నాలుగుసార్లు చెప్పాను. వినలేదు.

వాళ్ల పని ఎలా సాగుతుందో కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. పొనికి అని ఒక అడవి చెట్టుంది. దాని కర్ర చేతిలో పెడితే బరువే తెలియదు, అంత తేలిక. పోశెట్టి ఆ కర్రను చెక్కుతాడు. చెక్కిన ముక్కల్ని లింబాద్రి తీసుకుంటాడు. చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి ముద్దగా పిసుకుతాడు, దాన్ని లప్పం అంటారు. లప్పంతో ముక్కలు అతికించి, గుంతలూ పగుళ్లూ పూడ్చి, ఎండబెట్టి, సుద్ద పూసి, రంగులేస్తాడు. చెక్కే పని అన్నయ్యది, లప్పం నుంచి రంగు దాకా తమ్ముడిది.

దీనికి వాళ్ల బాపు పెట్టిన కట్టుబాటు ఒకటుంది. చెక్కినవాడు లప్పం దగ్గర కూర్చోకూడదు, రంగులేసేవాడు కత్తి ముట్టకూడదు. పక్కన కూర్చుంటే నా చెక్కుడు కప్పేశావని ఒకడు, నువ్వు వంకరగా చెక్కావని ఇంకొకడు కొట్లాడతారని. బాపూ, ఆయన తమ్ముడూ అలాంటి కొట్లాటతోనే వేరుపడ్డారట. అందుకని పోశెట్టి తను చెక్కిన ముక్కను గంపలో వేశాక మళ్లీ దాన్ని రంగులతోనే చూస్తాడు. చిన్నప్పటి నుంచీ అంతే. అన్నదమ్ములు ఒక్క మాట అనుకోకుండా ఇన్నేళ్లు ఒకే కప్పు కింద పనిచేశారంటే ఆ కట్టుబాటు పుణ్యమే.

వంకాయ, జామకాయ, చిలక

మొదటి నెల పోశెట్టి నా మాట ఒక్కటీ వినలేదు. గోళీలు ఏరమంటే గోడ వైపు చూసేవాడు. బట్ట మడత పెట్టమంటే ఎడమచేత్తో పెట్టేవాడు. విసుగొచ్చి, "మరి నీకేం కావాలె?" అని అరిచాను.

"చెక్కాలె."

"ముందుగాల అన్నం తినుడు, గుండీలు పెట్టుకొనుడు నేర్చుకోవాలె గద."

"అన్నం ఎడమచేత్తో తింట," అన్నాడు నెమ్మదిగా. "గుండీలు మా ఆమె పెడ్తది. చెక్కుడు ఎవలు పెడ్తరు మేడం?"

కొన్ని వారాలకు వేళ్లు కొంచెం తెరుచుకోవడం మొదలైంది. చెక్కే కత్తి పిడికి బట్ట చుట్టి, పైన సైకిల్ ట్యూబు ముక్క తొడిగి లావు చేయించాను, బలం లేని వేళ్లకు పట్టు దొరకాలని. దవాఖానలో కత్తులు వద్దని మా పెద్దసారు, అంటే సూపరింటెండెంటు, అన్నారు కాబట్టి ఇంట్లోనే చెక్కమన్నాను. "కాళ్లూ చెవులూ ఉన్న బొమ్మలు వద్దు. ముందుగాల వంకాయ," అన్నాను.

వారానికి వంకాయ వచ్చింది. ఊదారంగు, పచ్చటి తొడిమ, మీద మెరుపు. కూర వండుకోవచ్చు అన్నట్టుంది. నేను నోరెళ్లబెట్టాను. తర్వాత జామకాయ. ఇంకో నెలకు చిలక.

పోశెట్టి మనిషే మారిపోయాడు. గడ్డం గీసుకుని వస్తున్నాడు, పక్క బల్ల మీది ముసలాయనకు ధైర్యం చెబుతున్నాడు. చిలకను ఎడమ అరచేతిలో పెట్టుకుని, "చెయ్యి వస్తుంది మేడం, నాకు ఎర్కైతుంది," అన్నాడు. లింబాద్రి నేల చూస్తూ నిలబడ్డాడు. ఎంత వినయం అనుకున్నాను.

ఇప్పుడు నా తెలివి వినండి. చేతి పట్టును కొలిచే మీటరు మా దగ్గర ఒకటుంది. పోశెట్టి పిండితే ముల్లు కదిలీ కదలనట్టు ఉండేది. మీటరు పాతదైపోయింది అనుకున్నాను. చిలకను చేతిలోకి తీసుకున్నప్పుడు, పొనికి బొమ్మకు ఇంత బరువేంటి అనిపించింది. రంగు బరువు అనుకున్నాను. కళ్ల ముందు కనిపించిన రెండింటినీ పక్కన పెట్టి, బొమ్మల్ని కిటికీలో వరసగా పెట్టుకుని మురిసిపోయాను. "పోశెట్టి, నా ముందట ఒక్కసారి చెక్కి చూపెట్టు," అని ఒక్కరోజు కూడా అనలేదు. పైగా వారానికి మూడుసార్లు రావలసినవాణ్ని పదిహేను రోజులకోసారి వస్తే చాలన్నాను. చెక్కుడే నీకు వ్యాయామం, మిగతావి తగ్గించు అన్నాను. పక్షవాతంలో మొదటి నెలలు ఎంత విలువైనవో మీకు కాలేజీలో చెప్పే ఉంటారు. ఆ నెలల్నే నేను నీళ్లలా పారబోశాను.

పేషెంటు బాగుపడాలని మనకు ఉంటుంది. దానికంటే ఎక్కువగా, మనవల్ల బాగుపడ్డాడు అనిపించుకోవాలని ఉంటుంది. ఆ రెండో కోరిక వచ్చిందంటే కళ్లకు పొరలు కమ్ముతాయి.

పెద్దసారు ముచ్చట

మా సూపరింటెండెంటు మంచి డాక్టరే. రోగి దగ్గర కోపం లేదు, లంచం మాట లేదు. ఒక్క బలహీనత, ఫోటోలు. ఎవరైనా అధికారి వస్తున్నాడంటే అరచేతిలో వైకుంఠం చూపించాలని తయారైపోయేవాడు. అలాంటి ఒక అధికారి రాక సందర్భంగా మా గది ముందు చెట్టు కింద బల్ల వేయించి, గులాబీరంగు బట్ట పరిచి, పోశెట్టి బొమ్మలు పెట్టించాడు. అప్పటికి జింక కూడా వచ్చింది. సన్నటి కాళ్లు, ఎత్తిన మెడ.

"వట్టి బొమ్మలు ఏం చూపిస్తాం రజియా? అక్కడే కూర్చుని చెక్కమను," అన్నాడు.

కత్తులు వద్దన్న మనిషే! అదేమిటి సార్ అని అడగాల్సింది. అడగలేదు, సంతోషంగా సరేనన్నాను. ఆ రోజు నాకూ ఫోటో కావాలి.

లింబాద్రి నన్ను పక్కకు పిలిచాడు. "వద్దు మేడం. మా అన్నకు నలుగుర్ల కూసొని చేసుడు అలవాటు లేదు. జర సమజ్ చేసుకోండ్రి."

పోశెట్టి విన్నాడు. కొత్త అంగీ వేసుకుని వచ్చాడు ఆ రోజు. "ఎందుకు వద్దు? చెక్కుత," అన్నాడు.

అధికారి వచ్చాడు, కెమెరాలు వచ్చాయి. పోశెట్టి ఎడమచేత్తో కర్రముక్కను ఒళ్లో అదిమిపట్టి కుడిచేత్తో కత్తి పట్టుకున్నాడు. మొదటి గీత కర్ర మీద జారిపోయింది. రెండోసారి కత్తి కింద పడింది. నేనే తీసి ఇచ్చాను. మూడోసారి మణికట్టు వంగిపోయి, కత్తి అడ్డంగా దిగి పెద్ద పెచ్చు ఊడింది. జింక మెడ ఉండాల్సిన చోట గుంత మిగిలింది.

పోశెట్టి చేతిలోని ముక్కను చూశాడు, బల్ల మీది జింకను చూశాడు. తర్వాత తల తిప్పి తమ్ముణ్ని చూశాడు.

"తమ్మీ, మరి గిది ఎవలు చెక్కిండ్రు?"

లింబాద్రి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. పెద్దసారు, "ఎండ ఎక్కువుంది, ఆయనకు కళ్లు తిరుగుతున్నాయి," అంటూ అధికారిని పక్క బల్ల దగ్గరికి తీసుకుపోయాడు. చెట్టు నీడలో ఏ ఎండో ఆయనకే తెలియాలి.

అందరూ వెళ్లిపోయాక చిలకను తీసి తాళంచెవితో పొట్ట దగ్గర గీకాను. రంగు లేచింది, సుద్ద లేచింది, కింద లప్పం. ఇంకా గీకాను. లప్పమే. బొటనవేలు లోతు దిగితే కానీ కర్ర తగల్లేదు. చిలక బరువంతా అదే. నాకు చెంప మీద కొట్టినట్టయింది. బాతాఁ నక్కో సున్, హాత్ దేఖ్. నేను మాటలు కూడా వినలేదు, బొమ్మలు చూశాను. చెయ్యి మాత్రం చూడలేదు.

వాళ్లింట్లో

మర్నాడే రమ్మని కబురు పెట్టినా అన్నదమ్ములు రాలేదు. వారం చూసి, ఆదివారం బస్సెక్కి వాళ్లింటికి పోయాను. పేషెంటు ఇంటికి పోవడం మా ఉద్యోగంలో లేదు. పోవాలి అనిపించినప్పుడు పోవచ్చు, ఎవరూ ఉరితీయరు.

పోశెట్టి భార్య గంగవ్వ తలుపు తీసింది. "మంచిగొచ్చిండ్రు మేడం. వారం దినాల సంది మాటల్లేవు. ఒగలు దర్వాజ కాడ, ఒగలు పెరట్ల. నడుమ నేను సచ్చిపోతున్న," అంది.

ఇద్దర్నీ ఒకచోట కూర్చోబెట్టాను. లింబాద్రి చెప్పాడు, తల ఎత్తకుండా.

"మొదటి వంకాయ మా అన్న గంపల ఏసిండు. సూస్తె సగం లేదు మేడం, ఒక పక్క మొత్తం కోసుకపోయింది. ఒక్కసారికే గద అని లప్పం పెట్టిన. రంగేసి ఇస్తె మా అన్న నవ్విండు. పడ్డ కాడికెల్లి గదే మొదటిసారి నవ్వుడు. మళ్ల ఎట్ల ఆపాలె చెప్పుండ్రి? నా చిన్నప్పుడు నేను రంగు ఖరాబు చేస్తె మా అన్న బాపుకు తెల్వకుంట కొత్త బొమ్మ చెక్కి పెట్టెటోడు. ఎన్ని చెక్కిండో లెక్క లేదు. నేను దుబాయి పోయినప్పుడు గూడ ఒక్క మాట అనలే."

"గప్పుడు నీకు తెల్సు, నువ్వు ఖరాబు చేసినవని," అన్నాడు పోశెట్టి. వారంలో తమ్ముడితో అదే మొదటి మాట. "నాకు తెల్వనియ్యలే. చెయ్యి పోయినందుకు గాదు మేడం. నేను సంబురపడ్డ సూడుండ్రి, ఊరంత చెప్పుకున్న. గా సంబురం తల్సుకుంటె సిగ్గైతుంది."

లింబాద్రి ఏడ్చాడు. గంగవ్వ ఏడ్చింది. నాకూ ఏడుపు వచ్చేలా ఉంది కాబట్టి కోపం తెచ్చుకున్నాను. "ఆయన దాచిండు, తప్పే. నేను జీతం తీసుకొని సూడలే, నాది అంతకన్న పెద్ద తప్పు. నన్ను తిట్టు ముందుగాల," అన్నాను.

పోశెట్టి తిట్టలేదు. ఒక్కటే అడిగాడు. "చెయ్యి వస్తదా, రాదా?"

పిల్లలూ, ఈ ప్రశ్నకు మనం వందరకాల జవాబులు నేర్చుకుని ఉంటాం. దేవుడి మీద భారం వేద్దాం, ప్రయత్నం చేద్దాం, నమ్మకం ఉంచు. అవన్నీ కూడా లప్పమే. ఆ చెయ్యిని ఒళ్లో పెట్టుకుని, భుజం నుంచి గోళ్ల దాకా గంటసేపు చూశాను. మొదట్లోనే చూడాల్సినట్టు చూశాను.

"చెయ్యి పనికొస్తది. ఇంక బలం వస్తది, వేళ్లు తెరుసుకుంటయి. గాని జింక కాళ్లు చెక్కే చెయ్యి మళ్ల రాదు పోశెట్టి. వస్తదని నేనిగ చెప్ప," అన్నాను.

పోశెట్టి గోడకు ఆనించిన కర్రలను చూస్తూ కూర్చున్నాడు. "మంచిది," అన్నాడు చివరికి. "గీ మాట ముందుగాల చెప్తె బాగుండు."

లేచి వస్తుంటే పెరట్లో లప్పం తట్ట కనిపించింది. అప్పుడే పిసికిన ముద్ద. ఎలా పిసుకుతావని అడిగితే లింబాద్రి కళ్లు తుడుచుకుని చూపించాడు. వేళ్లు చాపి, అరచెయ్యి మొదలుతో ఒత్తి, ఒంటి బరువంతా మోపి, ముందుకు తోసి, వెనక్కి లాగి. నేను అక్కడే చతికిలబడ్డాను. ముడుచుకుపోయే అరచేతిని తెరిచి దాని మీద బరువు మోపించడానికి మేం బల్లలు, బంతులు పెట్టుకుని నానా తంటాలు పడతాం. ఆ వ్యాయామం ఇన్నాళ్లూ వీళ్ల పెరట్లోనే ఉంది.

"పోశెట్టి, ఇట్ల రా. చెయ్యి దీంట్ల పెట్టు."

ఆయన మొహం మాడిపోయింది. "గది తమ్ముని పని. నేను చెక్కెటోన్ని."

"చెక్కుడు తమ్ముడు నేర్చుకుంటడు."

"నేను కత్తి ముట్టుడా!" లింబాద్రి ఉలిక్కిపడ్డాడు. "బాపు ఉంటె చెయ్యి ఇరుగగొట్టు."

"మీ బాపుకు పక్షవాతం రాలే. వస్తె ఆయన గూడ కట్టుబాటు మార్చెటోడు," అన్నాను. నా మాట ఇద్దరిలో ఒక్కరికీ నచ్చలేదు. గంగవ్వ ఒక్కతే బస్టాండు దాకా వచ్చి, "మీరు ఫికర్ చెయ్యకుండ్రి మేడం, నేను సూసుకుంట," అంది. ఆమె ఏం చూసుకుందో, ఎలా చెప్పిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఇంట్లో ఆడవాళ్లు చేసే వైద్యం మన ఫైళ్లలో ఎక్కదు.

ఎలుక కొరికిన ఆలుగడ్డ

నెల తర్వాత ఇద్దరూ వచ్చారు, వెంట గంగవ్వ. లింబాద్రి మూడు వేళ్లకు పట్టీలు. సంచిలోంచి ఒక కర్రముక్క తీసి బల్ల మీద పెట్టాడు. రంగు లేదు, లప్పం లేదు. వట్టి కర్ర.

"ఇదేంది?" అన్నాను.

"వంకాయ మేడం. నేనే చెక్కిన."

పోశెట్టి దాన్ని ఎడమచేత్తో తీసుకుని ఇటూ అటూ తిప్పాడు. "వంకాయనట! ఎలుక కొరికిన ఆలుగడ్డ గాదు?" అన్నాడు. మొదట గంగవ్వ నవ్వింది, తర్వాత లింబాద్రి. చివరికి పోశెట్టి కూడా, మూతి ఒక పక్కకు లాగినా, పొట్ట పట్టుకుని నవ్వాడు.

తర్వాత తట్ట తీశారు. దవాఖానకే తెచ్చుకున్నారు. పోశెట్టి ఎడమచేత్తో కుడిచెయ్యిని పట్టుకుని లప్పం మీద పెట్టాడు. వేళ్లు ముడుచుకోబోయాయి. ఒంటి బరువు మోపాడు. చూపుడువేలు తెరుచుకుంది, తర్వాత మధ్యవేలు. నుదుటి మీద చెమట పట్టింది. చిటికెడు లప్పం తీసి తమ్ముడి వంకాయలో ఒక గుంత పూడ్చాడు. సగం బయట అంటుకుంది. మళ్లీ తీసి పెట్టాడు. ఆ ఒక్క గుంతకు పావుగంట పట్టింది. ఈసారి నేను వంకాయ వైపు చూడలేదు, పావుగంటా ఆ చెయ్యినే చూశాను.

ఆ తర్వాత రెండున్నరేళ్లు అదే వ్యాయామం. మీటరు ముల్లు కదిలింది, మీటరు పాతదేమీ కాదు. లింబాద్రి చెక్కడం నత్తనడకన సాగింది. నలభై దాటాక కొత్త పని వంటబట్టడం అంత తేలికా? రోజూ అన్న చేత చివాట్లు తిన్నాడు. వాళ్ల బాపు భయపడ్డట్టే కొట్లాడుకున్నారు, బాగానే కొట్లాడుకున్నారు. గంగవ్వ నాతో ఫోన్లో, "మాటల్లేని దినాల కన్న గిదే నయం మేడం," అంది. అబద్ధమాడేంత ప్రేమ కంటే కొట్లాడేంత చనువు మంచిదని నేను అనుకుంటాను. ఇది వైద్యశాస్త్రం కాదు, నా సొంత అభిప్రాయం.

రిటైరైన రోజు దవాఖానలో దండలు వేశారు, శాలువాలు కప్పారు. పెద్దసారు బదిలీ అయి వేరే ఊళ్లో ఉన్నా వచ్చి, నాతో ఫోటో దిగాడు. అందరూ టిఫిన్ల వైపు పోయాక పోశెట్టి కర్ర ఊతం లేకుండా నడిచి వచ్చాడు. వెనుక లింబాద్రి. పాత పేపరులో చుట్టిన బొమ్మ నా చేతిలో పెట్టారు.

జింక. మెడ కొంచెం వంకర. కాళ్లు నాలుగూ నాలుగు తీర్లు. ఎత్తి చూశాను, ఇటుక అంత బరువుంది. అలవాటు కొద్దీ నా గోరు దాని పొట్ట మీదికి పోయింది.

"గీకకుండ్రి మేడం," అన్నాడు పోశెట్టి. "తమ్మునికి ఇంక కాళ్లు చెక్కుడు రాలే. అన్ని గుంతలే పెట్టిండు. పూడ్చుకుంట పూడ్చుకుంట గంత బరువైంది. గది నా చెయ్యి బరువే."

లింబాద్రి ఈసారి నేల చూడలేదు. "మస్తు తిట్టిండు మేడం," అన్నాడు, మెడల్ వచ్చినవాడిలా.

జింకను బల్ల మీద పెట్టి పోశెట్టి కుడిచెయ్యి పట్టుకున్నాను. అరచేతి గీతల్లో లప్పం ఎండిపోయి ఉంది. వేళ్లు ఒక్కొక్కటే తెరిచి చూశాను. ఉంగరపు వేలు ఇంకా సగంలోనే మొరాయిస్తోంది.

"దీనికి ఇంక పని ఉన్నది," అన్నాను.

"నౌకరి ఒడిసినంక గూడ ఇడ్వరా మేడం?" అన్నాడు.

"రేపు పొద్దున పది గంటలకు రా," అన్నాను. రేపటి నుంచి ఆ గది నాది కాదని అప్పుడు గుర్తుకు రాలేదు. మర్నాడు పదింటికి నేనూ వచ్చాను, వాళ్లూ వచ్చారు. లోపల కొత్తమ్మాయి ఎవరో ఉంటే వరండాలో బెంచీ మీద కూర్చుని ఆ వేలు పట్టుకున్నాను.